కుట్లు లేని దిండు

"సూది తీస్తే జారుతుంది. జారిందంటే పిల్ల కాల్లోనే దిగుతుంది. దిగిన సూది ఒంట్లో ఎక్కడికి పోతుందో ఎవరికి తెలుసు?" అంది తల్లి, సూదిపెట్టె మూతైనా తీయకముందే.

"అయితే కుట్టకు. జిగురుతో అతికించు," అని భర్త చెప్పులేసుకుని ఆఫీసుకు వెళ్లిపోయాడు.

స్కూలువాళ్లు పిల్లల్ని పడవ షికారుకు తీసుకెళ్తామంటే, మునుగుతుందని ఆమె కూతుర్ని పంపలేదు. పడవ మునగలేదు. పిల్లలంతా నవ్వుకుంటూ తిరిగొచ్చారు. అప్పటినుంచి కూతురు ఆమెతో మాట్లాడటం మానేసి, కిటికీ దగ్గర మోకాళ్ల మీద కాగితం పెట్టుకుని పడవలే గీస్తోంది. కింద మెత్తటి దిండు, పైన నున్నటి చెక్కపలక ఉన్న ఒడిబల్ల చేసిస్తే పిల్ల మనసు కరుగుతుందేమోనని తల్లి ఆశ.

పాత దిండు పొట్ట కత్తిరించి, దూది కూరి, అంచులకు జిగురు రాసింది. పైన పలక అతికించి, ఒళ్లో పెట్టుకుని రెండు చేతులా అదిమి పట్టింది. అప్పుడే అక్క ఫోను. మోచేత్తో స్పీకరు నొక్కింది.

"ఏం చేస్తున్నావే?"

"పాపదే అక్కా. పొట్ట అనుకున్నదానికంటే ఎక్కువ చీలింది. దూది కూరాను. కుట్లెందుకులే అని జిగురు పెట్టి అదిమి పట్టుకున్నా."

"అయ్యయ్యో! పాప ఏమంటోందే?"

"అనడానికి నోరు విప్పితేగా! ఉలుకూ లేదు, పలుకూ లేదు."

అంతలో ఫోను దూదికుప్పలోకి జారి ఆగిపోయింది. అక్కదీ అదే రక్తం, అంతకుమించి వివరం అక్కర్లేదు. వెంటనే చెల్లెలి మొగుడికి ఫోను చేసింది.

"మరిదిగారూ! పాప పొట్ట చీలిందట. కుట్లు వేయించకుండా మీ ఆవిడ జిగురేస్తోంది!"

ఆయన అంబులెన్సును ఆఫీసుకే పిలిపించుకుని అందులోనే బయల్దేరాడు.

వీధి చివర సైరను వినగానే తల్లి, "మీ నాన్నకేదో అయింది!" అంటూ లేచింది. ఆమెతోపాటు ఒడిబల్లా లేచింది. గుడ్డలోంచి ఊరిన జిగురు దాన్ని ఆమె బట్టలకు అతికించేసింది. అలాగే గుమ్మంలోకి పరిగెత్తింది.

"పాపేదీ?" అంటూ భర్త అంతే వేగంగా లోపలికొచ్చాడు. కాలికింద దూది. జారాడు. నుదురు సరిగ్గా పలక మూలకు తగిలింది.

వచ్చిన అంబులెన్సు ఖాళీగా పోలేదు.

"కుట్లు పడతాయి," అంది డాక్టరమ్మ.

"జిగురు సరిపోదాండీ?" అడిగింది తల్లి. డాక్టరమ్మ ఆమెనూ, ఆమె ఒళ్లో ఉన్నదాన్నీ చూసి తలుపు మూసుకుంది.

వసారాలో బెంచీ మీద తల్లీకూతుళ్లు మిగిలారు. కూతురి చేతిలో సగం గీసిన కాగితం, పెన్సిలు అలాగే ఉన్నాయి.

"ఇదంతా నీకోసమేనే. నచ్చిందా?" అంది తల్లి.

లోపల భర్త ఒకసారి అరిచాడు, ఇంకోసారి అరిచాడు. తల్లి ఒళ్లంతా వణుకుతోంది. కూతురు దగ్గరికి జరిగి, కాగితాన్ని ఆమె ఒళ్లోని పలక మీద పరిచి గీయసాగింది.

చివరికి తలెత్తకుండానే అంది:

"కదలకమ్మా. పడవ మునుగుతుంది."