మూడో లైను ఎర్రమూటలు

ఆదివారం తెల్లవారుజామున చెయ్యాల్సిన పని చిన్నదే. కాలనీ నిద్ర లేవకముందే ఇంటి పక్క ఖాళీ ప్లాటులో నిలిచిన నీళ్ళలో కొన్ని మూటలు, సైడు కాలవలో కొన్ని మూటలు పడేసి, ఇంటికి వచ్చి కాఫీ పెట్టుకోవాలి. భానుశ్రీ, ఆమె అత్తగారు మాణిక్యం వేసుకున్న పథకం అంతవరకే.

వెంకటసాయినగర్ విజయవాడ నుంచి ఇబ్రహీంపట్నం వెళ్ళే దారిలో ఉంది. భానుశ్రీ కూచిపూడిలో ఎనిమిదేళ్ళు నాట్యం నేర్చుకుని, పెళ్ళయ్యాక ఆ కాలనీ మూడో లైనులో, అత్తవారింటి కింది వాటాలో క్లాసు పెట్టింది. క్లాసు సాయంత్రం ఆరింటికి. దోమలు వచ్చేదీ అప్పుడే. పిల్లలు కాలితో తట్టాల్సిన చోట చేత్తో తట్టుకుంటున్నారు. వానలు మొదలయ్యాక ఇద్దరికి డెంగీ వచ్చింది. అందులో ఒక పాపకు ప్లేట్‌లెట్లు పడిపోయి వారం రోజులు ఆస్పత్రిలో ఉంచారు. తర్వాత పిల్లలు ఒక్కొక్కరే మానేశారు. మిగిలినవాళ్ళ తల్లిదండ్రులు నెలాఖరు దాకా చూస్తామన్నారు. వాళ్ళు కూడా మానేస్తే కింది వాటా అద్దెకిచ్చేద్దామని భర్త కిరీటి ఒకసారి అన్నాడు. రెండోసారి అనలేదు. రెండోసారి అనకపోవడమే ఆమెను ఎక్కువ భయపెట్టింది.

పొగ కొట్టించడానికి ఇంటికి యాభై రూపాయలు వేసుకుందామని ఆమె కాలనీ సంఘాన్ని అడిగింది. ప్రెసిడెంటు బసవయ్య విత్తనాల వ్యాపారి, మాట కాదనే మనిషి కాదు. మీటింగులో పెట్టాడు. మేడ మీద ఉండేవాళ్ళు దోమలు తమదాకా ఎగరవన్నారు. కింద ఉండేవాళ్ళు మేడవాళ్ళు ఇస్తే తామూ ఇస్తామన్నారు. అలా అన్న ప్రతి ఇంట్లోనూ కాయిల్సు, ప్లగ్గుకు పెట్టే మందు సీసాలు, చటపటమనే బ్యాట్లు ఉన్నాయి. వాటికి నెలకు మూడు వందలకు తక్కువ కాదు. తమ ఇంటి దోమకు ఎంతైనా ఖర్చు పెడతారు. పక్కింటి దోమకు పెట్టమంటేనే ఎవరికీ చెయ్యి రాలేదు.

అప్పుడు మాణిక్యం దారి చూపింది. పటమటలో చెల్లెలి ఇంటికి వెళ్ళినప్పుడు మున్సిపల్ వర్కర్లు కాలవలో ఆయిల్ బాల్స్ వెయ్యడం ఆమె చూసింది. రంపపు పొట్టును గుడ్డలో మూటగట్టి, బండ్లలోంచి తీసేసిన ఇంజనాయిల్లో నానబెడతారు. నూనె నీటి మీద పొరలా పరుచుకుంటే దోమ పిల్లలకు గాలాడదు. పొట్టు సామిల్లులో ఊరికే ఇచ్చారు. కిరీటి హనుమాన్ జంక్షన్‌లో లారీ ఆఫీసులో పనిచేస్తాడు కాబట్టి నూనెకూ ఖర్చు లేదు. గుడ్డకు చిరిగిపోయిన నాట్యం డ్రెస్సులు రెండు దొరికాయి. రెండూ ఎరుపే. ఇంట్లో తాడు అయిపోతే మాణిక్యం పూజగదిలోంచి పసుపుదారం తెచ్చి మూతులు కట్టింది. ఖాళీ ప్లాటు యజమాని హైదరాబాదులో ఉంటాడు. తన స్థలంలో పుల్ల పడినా నోటీసు పంపిస్తాడు. అందుకే ఎవరికీ చెప్పకుండా, ఎవరూ చూడకుండా వెయ్యాలనుకున్నారు. రోజు కూడా మాణిక్యమే పెట్టింది.

"ఆదివారం అమావాస్య. తెల్లారగట్ట ఒక్క పురుగు బయటికి రాదు. నా మాటిను."

ఆ మాట నిజమే. ఎవరూ రాలేదు. దోమలు మాత్రం వచ్చాయి. ఇద్దరూ తలకూ మొహానికీ తువ్వాళ్ళు చుట్టుకుని, ఒక చేత్తో మూట వేస్తూ, రెండో చేత్తో దోమల్ని తోలుకుంటూ పని ముగించారు. మూట వేసినప్పుడల్లా మాణిక్యం అలవాటు కొద్దీ గోవిందా అనుకుంది. ఇంటికి వచ్చి కాఫీ తాగారు.

ఆరున్నరకు ఒక కుక్క కాలవలోంచి ఒక మూటను ఈడ్చుకొచ్చి బసవయ్య గేటు ముందు విప్పింది. ముగ్గు వెయ్యడానికి చెంబుతో వచ్చిన ఆయన భార్య రామతులసి ఎర్రగుడ్డ చూసింది, పసుపుదారం చూసింది, నల్లటి పొడి చూసింది, చెంబు వదిలేసింది. ఏడింటికి ఆ ఫొటో కాలనీ వాట్సాప్ గ్రూపులో ఉంది. ఎనిమిదింటికి ఖాళీ ప్లాటు నీళ్ళలోనూ అలాంటి మూటలే కనబడ్డాయి, నల్లపొడి శ్మశానం బూడిద అయింది. పదింటికి అందులో ఎముక ముక్క కూడా ఉందని నాలుగో లైను నుంచి కబురొచ్చింది. ఆ ముక్క నాలుగో లైనువాళ్ళకు తప్ప ఎవరికీ కనబడలేదు.

మధ్యాహ్నం బసవయ్య ఫోను పట్టుకుని భానుశ్రీ ఇంటికి వచ్చాడు. ఆయన గేటుకు కెమెరా ఉందన్న సంగతి అత్తాకోడళ్ళు అప్పుడే గుర్తు చేసుకున్నారు. వీడియోలో రెండు ఆకారాలు ఉన్నాయి. మొహాలు కనబడవు. చేతులు మాత్రం గాలిలో తిరుగుతున్నాయి.

"ఊరికే తిప్పట్లేదమ్మా, ఒక పద్ధతిగా తిప్పుతున్నారు. మా ఆవిడ అవి ముద్రలంటోంది. కాలనీలో ముద్రలు తెలిసినదానివి నువ్వొక్కదానివే. చూసి ఏ ముద్రో చెప్పు," అన్నాడు బసవయ్య.

భానుశ్రీ తన చేతులను తను చూసుకుంది. మాణిక్యం వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమడం మొదలుపెట్టింది. అవి అప్పటికే తోమి ఉన్నాయి.

"దోమల్ని తోలుకుంటున్నట్టుందండి," అంది భానుశ్రీ.

"దోమల్ని తోలుకోవాలంటే ఇంట్లో తోలుకోవచ్చు కదమ్మా. అమావాస్య పూట బయటికొచ్చి తోలుకోవాలా?"

ఆ ప్రశ్నకు ఆమె దగ్గర జవాబు ఉంది, చెప్పే ధైర్యం లేదు. బసవయ్య వెళ్ళాక ఇప్పుడే వెళ్ళి చెప్పేస్తానంది. మాణిక్యం గుమ్మానికి అడ్డం నిలబడింది.

"ఏమని చెబుతావే? చేతబడి కాదు, ఇంజనాయిలని చెబుతావా? అమావాస్య నాడు మొహానికి గుడ్డ కట్టుకుని తిరిగినవాళ్ళ మాట ఎవరు నమ్ముతారు? రేపటినించి ఒక్క పిల్లని పంపరు."

రేపటి దాకా ఆగలేదు. ప్లాటు పక్కింటికి పిల్లల్ని పంపడానికి భయపడి, ఆ సాయంత్రమే అందరూ మానిపించేశారు. కీర్తన అనే పిల్ల ఒక్కతే వచ్చింది. వాళ్ళమ్మ ఫోను రిపేరుకు ఇచ్చినందువల్ల ఆ ఇంటికి వార్త చేరలేదు. ఒక్క పిల్లకే భానుశ్రీ గంటసేపు పాఠం చెప్పింది. మొదట దోమల వల్ల సగం ఖాళీ అయిన క్లాసు, దోమల మందు వల్ల పూర్తిగా ఖాళీ అయింది.

సోమవారం సంఘం అత్యవసరంగా సమావేశమైంది. కైకలూరు దగ్గర పోలరాజు అనే ఆయన ఇలాంటివి చూస్తాడని ఎవరో చెప్పారు. ఆయనను పిలిపించడానికి ఇంటికి ఐదు వందలని తీర్మానించారు. రాత్రి భోజనాల వేళకు కాలనీ మొత్తం ఫోన్లలో డబ్బు పంపేసింది. మేడ మీదివాళ్ళు ముందు పంపారు. చేతబడి మేడ ఎక్కుతుందా లేదా అని ఎవరూ అడగలేదు. భానుశ్రీ కూడా తన వంతు ఐదు వందలు కట్టింది. సగం డబ్బు పోలరాజుకు అడ్వాన్సుగా వెళ్ళింది.

గురువారం సాయంత్రం మీటింగని చెబితే పోలరాజు మధ్యాహ్నమే బస్సు దిగాడు. ప్లాటుకు దగ్గర ఇల్లు కాబట్టి భానుశ్రీ అరుగు మీద కూర్చోబెట్టి వెళ్ళారు. నిమ్మకాయల సంచి పక్కన పెట్టుకుని గోడకు చేరగిలబడ్డాడు. మనిషి రెండు రోజులుగా నిద్ర లేనట్టున్నాడు. భానుశ్రీ టీ ఇచ్చి, గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆగి, పొట్టు దగ్గర్నుంచి పసుపుదారం దాకా మొత్తం చెప్పేసింది.

పోలరాజు ఖాళీ గ్లాసు అరుగు మీద పెట్టాడు. తర్వాత తన సంగతి చెప్పాడు. అసలు పని చేపల చెరువు కాపలా అట. ఇది వాళ్ళ నాన్న చేసేవాడు కాబట్టి పిలిచినచోటికి తనూ వెళతాడు. భార్య డెంగీతో పది రోజులుగా ఆస్పత్రిలో ఉంది.

"మీవాళ్ళ అడ్వాన్సు నిన్న ఆస్పత్రిలో కట్టేశానండి. ఇప్పుడు చేతబడి కాదంటే నేనెక్కణ్ణించి తెచ్చివ్వాలండి?"

ఆ మాటతో భానుశ్రీ కూడా మెట్టు మీద కూర్చుంది. చెప్పకపోతే తన క్లాసు పోతుంది. చెబితే ఈయన కొంప మునుగుతుంది. మళ్ళీ పోలరాజే దారి చెప్పాడు.

"మీరు నిజం చెప్పుకోండి అమ్మగారూ. మీ మనసులో ఉంచుకోవద్దు. విరుగుడు మాత్రం నన్ను చెప్పనివ్వండి."

మీటింగు బసవయ్య ఇంటి ముందు జరిగింది. అందరూ కాయిల్సు వెలిగించి కుర్చీల కింద పెట్టుకున్నారు. పోలరాజు నోరు విప్పకముందే భానుశ్రీ లేచి, ఆ మూటలు తనవేనంది. వేసినవారు ఎవరు, అందులో ఏముంది, చేతులు ఎందుకు తిప్పారు, అన్నీ చెప్పింది. మాణిక్యం తల దించుకోకుండా పక్కనే నిలబడింది. పిల్లలను పంపమని అడగడం లేదనీ, పంపకపోయినా భయం మాత్రం పెట్టుకోవద్దనీ భానుశ్రీ చివర అంది.

అందరూ బసవయ్య వైపు చూశారు. బసవయ్య పోలరాజుకు ఇచ్చేసిన అడ్వాన్సు గురించి ఆలోచించాడు. ఇంజనాయిలుకు మంత్రగాణ్ణి పిలిపించిన ప్రెసిడెంటని బజారులో అనిపించుకోవడం గురించి కూడా ఆలోచించాడు.

"చూడమ్మా, నువ్వు వేసినవి నువ్వు వేసుంటావు. కాదనను. మా గేటు ముందుది మాత్రం అది కాదు," అన్నాడు.

"ఏమీ లేకపోతే మనమంతా ఐదేసి వందలు ఎందుకిస్తామండి?" అంది రామతులసి.

ఆ వాదన అందరికీ నచ్చింది. డబ్బు కట్టాక చేతబడి లేదంటే ఒప్పుకోవడానికి ఎవరూ సిద్ధంగా లేరు. కాలనీ కోసం పాపం ఆ పిల్ల నింద తన నెత్తినేసుకుంటోందని వెనక వరసలో ఒకావిడ కళ్ళు తుడుచుకుంది. భానుశ్రీ మళ్ళీ చెప్పబోయింది. ఊరుకోమ్మా, నీ మంచితనం మాకు తెలుసని కూర్చోబెట్టారు.

అప్పుడు పోలరాజు లేచాడు. ఇది నిలవ నీటిలో కూర్చునే రకమని చెప్పాడు. నీటిబొట్టు ఎక్కడ నిలిచినా అక్కడికి చేరుతుంది. పూలకుండీల కింద పళ్ళేలు, పాత టైర్లు, కొబ్బరి చిప్పలు, కూలర్లు, మూత లేని డ్రమ్ములు, అన్నీ వారానికోసారి బోర్లించి ఆరబెట్టాలి. సందెవేళ ప్రతి ఇంట్లో వేపాకు పొగ వెయ్యాలి.

"ఫ్రిజ్జు వెనక ట్రేలో నీళ్ళు కూడానా అండి?" అని అడిగింది రామతులసి.

"ముఖ్యంగా అక్కడేనండి."

ఇంత శాస్త్రం ఎక్కడ నేర్చుకున్నారని భానుశ్రీ తర్వాత అడిగితే, ఆస్పత్రి గోడ మీద రాసుందని చెప్పాడు. పది రోజులు దానికెదురుగానే కూర్చున్నాడట.

మిగిలింది ఖాళీ ప్లాటు. బూడిదతో వచ్చింది బూడిదతోనే పోవాలని, ఆ గుంటను ఇబ్రహీంపట్నం థర్మల్ స్టేషన్‌లో బొగ్గు కాల్చగా మిగిలే బూడిదతో పూడ్చాలని పోలరాజు తేల్చాడు. బసవయ్య భయపడుతూనే హైదరాబాదుకు ఫోన్ చేశాడు. తన స్థలంలో చేతబడి జరిగిందనీ, ఆ సంగతి నాలుగు లైన్లకూ తెలుసనీ విన్నాక యజమాని నోటీసు మాట ఎత్తలేదు. గజం రేటు పడిపోకముందే పూడ్చెయ్యమని, లారీల డబ్బు ఆ పూటే పంపించాడు.

నెలాఖరుకు మూడో లైనులో సాయంత్రం పూట కిటికీలు తెరిచి కూర్చోవడం మొదలైంది. పోలరాజు మహిమ అందరూ చెప్పుకున్నారు. ఆయన భార్య ఇంటికి వచ్చేసింది. మానేసిన పిల్లలు ఒకరి వెనక ఒకరు తిరిగొచ్చారు. డెంగీతో ఆస్పత్రిలో ఉన్న పాప కూడా వచ్చి, ముందు వరసలో నిలబడింది. ఆ రోజు ప్రతి తట్టూ కాలితోనే పడింది. కింది వాటా అద్దె సంగతి కిరీటి ఎత్తలేదు. ఈసారి ఎత్తనందుకు ఆమె భయపడలేదు.

తర్వాతి వారం బసవయ్య తన మనవరాలు రుచితను క్లాసులో చేర్పించడానికి వచ్చాడు. చేర్పించాక కూడా లేవలేదు. కండువాతో మొహం తుడుచుకుని, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు.

"పక్క కాలనీలో దోమలు మరీ ఎక్కువగా ఉన్నాయటమ్మా. వాళ్ళ ప్రెసిడెంటు మంచివాడు. ఇంటికి యాభై అడుగుతుంటే ఒక్కడూ ఇవ్వట్లేదట. మనమేమన్నా సాయం చెయ్యగలమా?"

భానుశ్రీ వంటింటి వైపు చూసింది.

"అది మా అత్తయ్య గారి డిపార్ట్‌మెంటండీ," అంది.