మా తాత ఫ్రీగా వచ్చాడు

వంశంలో ఒక్క దొంగైనా లేనివాడిది కూడా ఒక బతుకేనా?

కోప్పడకండి. నా పేరు నెవిల్ ట్రెఫ్రీ. టాస్మేనియాలో యాపిల్ తోటల లోయలో ఆరు తరాలుగా పాతుకుపోయిన కుటుంబం మాది. ఈ దొంగల విషయంలో నా అంత అవమానం పడ్డవాడు మా లోయలో ఇంకొకడు లేడు. అందుకే చెబుతున్నాను. పూర్వీకుల కోసం పాత రిజిస్టర్లు తవ్వే ఈ కొత్త అలవాటును పిచ్చి అని ఆడిపోసుకుంటున్నారే, అది పిచ్చి కాదు, వరం!

మా నాయనమ్మ రోజుల్లో సంగతి వేరు. ఇంగ్లండు నుంచి సంకెళ్ళేసి ఇక్కడికి ఓడెక్కించిన ఖైదీ మీ వంశంలో ఒకడున్నాడని తెలిస్తే చాలు, పిల్లకు సంబంధం కుదిరేది కాదు. బైబిల్లో కుటుంబం పేర్లు రాసుకున్న పేజీలను చింపి పొయ్యిలో పెట్టినవాళ్ళు ఎందరో. మా నాయనమ్మ మాత్రం తలెత్తుకుని తిరిగేది. "మావాళ్ళు ఫ్రీగా వచ్చారమ్మా!" అనేది. అంటే ఖైదీలుగా కాదు, తమంతట తాము వచ్చారని అర్థం. రిజిస్టర్లో పేరు పక్కన ఆ ముక్కే రాసేవారు. అదే ఆవిడకు మెడలో హారం.

ఇప్పుడో? అంతా తలకిందులైంది! మా ఆవిడ జోస్లిన్‌కు ముత్తాతకు తాత అయిన ఒబదయా క్రింప్ ఒక బాతునూ అర ముద్ద చీజునూ కాజేసి, ఏడేళ్ళ శిక్షతో వచ్చాడు. ఆ బాతు పుణ్యమా అని ఆవిడకు ఓడల్లో వచ్చినవాళ్ళ వంశీకుల సంఘంలో ముందు వరసలో కుర్చీ! నాకేమో వెనకాల టీ కెటిల్ దగ్గర చోటు. ఫ్రీగా వచ్చినవాళ్ళ సంతానమంతా అక్కడే నిలబడి కప్పులు కడుగుతాం.

"మీ పెద్దాయన ఏం చేశాడండీ?" అని అడుగుతారు.

"ఏమీ చెయ్యలేదండీ."

"అయ్యో పాపం!" అంటారు.

మా పోలీసు సార్జెంటు అతివేగానికి బండి ఆపితే, చలానా రాసేముందు తన ముత్తాత దొంగిలించిన మూడు గుర్రాల కథ చెప్పి గానీ వదలడు. మా దంతవైద్యుడు కుర్చీకి ఎదురుగా దొంగనోట్లు అచ్చేసిన తన పూర్వీకుడి పటం తగిలించాడు. ఎవరి తాత ఎక్కువ కొరడా దెబ్బలు తిన్నాడని గడ్డిలో బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్బులో ఇద్దరు పెద్దమనుషులు తొమ్మిదేళ్ళుగా మాట్లాడుకోవడం లేదు. ఒకాయనవి యాభై, రెండో ఆయనవి డెబ్బై అయిదు. మొన్న యాభై ఆయనకు కొత్త కాగితం దొరికింది, వంద! డెబ్బై అయిదు ఆయన మంచం పట్టాడు.

నవ్వకండి. ఈ పిచ్చి వల్ల మనసులెంత మెత్తబడ్డాయో చూడండి. దొంగ అనే మాట వింటేనే తలుపు గడియ పెట్టుకునేవాళ్ళు ఇప్పుడు సభలో కళ్ళొత్తుకుంటున్నారు. "ఆకలేసి తీశాడు పాపం! నాలుగు నెలలు సముద్రం మీద! ఇక్కడ తెలిసినవాడు ఒక్కడు లేడు!" ఇంత కరుణ మా లోయలో ఇదివరకెప్పుడైనా చూశామా?

ఆ కరుణను నమ్ముకునే నేను మా పక్కింటి సఖీదాద్‌ను సభకు రమ్మన్నాను.

సఖీదాద్‌ది అఫ్గానిస్తాన్. యాపిల్ ప్యాకింగ్ షెడ్డులో పని. పదేళ్ళుగా మా పక్కనే ఉంటున్నాడు. మా చూరుకు పట్టిన ఆకుల చెత్త తీసేదీ, జోస్లిన్ మోకాలు విరిగినప్పుడు నెలరోజులు రొట్టెలు చేసిచ్చిందీ అతనే. అతన్ని ఉండనివ్వాలా, పంపెయ్యాలా అన్నది వచ్చే గురువారం విచారణలో తేలుతుంది. ఇతను మా మనిషి అని ఊళ్ళోవాళ్ళు ఇరవైమంది సంతకం చేసిన ఉత్తరం ఉంటే బలంగా ఉంటుందని లాయరు చెప్పాడట.

"ఇరవై మందిని నేనెక్కడ తేను బాబాయ్?" అన్నాడు బెంగగా.

"పిచ్చివాడా! ఓడల పేరు చెబితే ఏడ్చేవాళ్ళు నలభైమంది ఒకే హాల్లో దొరుకుతుంటే!" అన్నాను.

నోటీసులో కూడా అదే ఉంది: 'మీవాళ్ళు సముద్రం మీద వచ్చారా? రండి! ప్లేటు తేవడం మరవద్దు.' మా ఊళ్ళో ప్లేటు తెమ్మంటే వండినదేదైనా తెమ్మని. వచ్చిన కొత్తలో సఖీదాద్ ఇలాగే ఒక విందుకు తళతళా తోమిన ఖాళీ ప్లేటు పట్టుకెళ్ళి నిలబడ్డాడు. ఈసారి అలా కాదు, బంగాళాదుంప కూరిన రొట్టెలు పళ్ళెం నిండా తెచ్చాడు. ఉత్తరం జేబులో పెట్టుకున్నాడు.

ఆ రోజు నాకూ పండగే. కారణం చెప్పాలి. మా మూలపురుషుడు జాబెజ్ ట్రెఫ్రీ 1841లో 'ప్రూడెన్స్' ఓడలో వచ్చాడని మా నాయనమ్మ మాట. ప్రయాణికుల జాబితా తిరగేస్తే అందులో జాబెజ్ లేడు! ఆరు నెలలు వెతికాను. చివరికి కెప్టెన్ దినచర్యలో కనబడ్డాడు మహానుభావుడు: 'పంతొమ్మిదో రోజు. పిండి పీపాల వెనక దాక్కున్న ఒక మనిషి దొరికాడు. టికెట్టు లేదు. కాగితాలు లేవు. పేరు జాబెజ్ అంటున్నాడు.'

చూశారా! మా నాయనమ్మ చెప్పింది అక్షరాలా నిజం. మా తాత ఫ్రీగానే వచ్చాడు!

సంఘంలో కొత్తగా వివరం దొరికినవాళ్ళు లేచి ఓడ పేరు, చేసిన నేరం చెప్పడం ఆనవాయితీ. నేను లేచి చెప్పాను. హాలు దద్దరిల్లిపోయింది! "కాగితాల్లేకుండానా! ఏం గుండెరా బాబూ!" అన్నాడు సార్జెంటు. అధ్యక్షురాలు మార్జరీ డ్రేక్‌ఫోర్డ్ స్వయంగా నా కోటుకు సంఘం బిళ్ళ గుచ్చి ముందు వరసలో కూర్చోబెట్టింది. జోస్లిన్ నన్ను పెళ్ళినాటి చూపు చూసింది.

చప్పట్లు ఆగాక సఖీదాద్ లేచాడు.

"నేనూ సముద్రం మీదే వచ్చానమ్మా. చేపల పడవ. దానికి పేరు లేదు. పదకొండు రోజులు. ఏడో రోజు ఇంజను ఆగిపోయింది. నాకూ కాగితాల్లేవు" అన్నాడు. నాకు కొట్టిన చప్పట్లు చూసి ధైర్యం వచ్చినట్టుంది. నవ్వుతూ ఉత్తరం తీసి బల్ల మీద పెట్టాడు.

సార్జెంటు చప్పట్లకు ఎత్తిన చేతులు దించి టీ కప్పు అందుకున్నాడు.

"ఓడ వేరు, పడవ వేరు నాయనా" అంది మార్జరీ, మెల్లగా. "మాది చరిత్ర సంఘం. ఈ రాజకీయాలు మనకెందుకు చెప్పు?"

"ఎన్నేళ్ళయితే చరిత్ర అవుతుందమ్మా?" అని అడిగాడు సఖీదాద్.

వెటకారం కాదండీ, నిజంగానే అడిగాడు. మార్జరీ కూడా నిజంగానే కళ్ళజోడు పెట్టుకుని నిబంధనల పుస్తకం తిరగేసింది. 1853కు ముందు, అంటే ఖైదీల ఓడలు ఆగిపోకముందు, దిగి ఉండాలట. నూట అరవై ఏళ్ళు ఆలస్యం చేశాడు మనవాడు!

రొట్టెలు మాత్రం ఒక్కటి మిగల్లేదు. అందరూ ఎలా చేస్తారని అడిగి రాసుకున్నారు. పళ్ళెం శుభ్రంగా కడిగి తుడిచి చేతికిచ్చారు. ఉత్తరం పెట్టింది పెట్టినట్టే ఉంది, కాస్త వెన్న మరక పడింది. దాని మీద రెండే సంతకాలు, నాదీ జోస్లిన్‌దీ. అవైనా ఇంటికొచ్చాక చేసినవే. అంతవరకూ నేను బిళ్ళ చూసుకుంటూ ముందు వరసలోనే కూర్చున్నాను. సిగ్గుపడుతూనే చెబుతున్నాను.

అయినా ఆ సంఘాన్ని నేను తప్పుపట్టను. వాళ్ళ కరుణ నిజమైనదే. కాకపోతే ఊరగాయలా ఊరాలి. సఖీదాద్ కాస్త ఓపిక పడితే, అతని మునిమనవల మునిమనవలు ఆ హాల్లో లేచి పేరులేని పడవ కథ చెబుతారు, సార్జెంటుగారి వంశీకులు కళ్ళొత్తుకుంటారు. ఇబ్బందల్లా ఒకటే, గురువారం అంతకన్నా ముందొస్తోంది.

అందుకని ఉత్తరాన్ని మా గేటుకు కట్టాను, పెన్ను దారంతో వేలాడదీశాను. బుధవారం సాయంత్రం దాకా చూస్తాను. ఇంకా పద్దెనిమిది రావాలి. రాకపోతే నేనే పూర్తి చేస్తాను. హాలు గోడ మీద ఇత్తడి పలకలో పేర్లున్నాయిగా! బాతు దొంగ ఒబదయా క్రింప్, గుర్రాలాయన, దొంగనోట్లాయన, వంద దెబ్బలాయన, ఇంకా పలకెక్కకపోయినా, పీపాల వెనక మా జాబెజ్. వాళ్ళయితే ఆలోచించకుండా సంతకం పెడతారు.

"ఏవయ్యా, బుద్ధుందా? అది ఫోర్జరీ! లోపలేస్తారు!" అంది జోస్లిన్.

వెయ్యనీ! మా వంశానికి ఇన్నాళ్ళకు ఒక అసలైన నేరస్థుడు దొరుకుతాడు. నూట అరవై ఏళ్ళు పోయాక ఆ హాల్లో నా పేరు చెబితే ఎవరో ఒకరు లేచి చప్పట్లు కొడతారు.