పడిపోయినా వరస తప్పని పెద్దాయన

ఇంగ్లండులోని గ్రిమ్స్‌బీలో మందుల షాపు ముందు మంగళవారం పొద్దున పాకిల్టన్ గారు స్పృహ తప్పారు. పద్ధతి గల మనిషి కనక, అటూ ఇటూ ఒరగకుండా క్యూలో తన చోటులోనే కుప్పకూలారు. జనం ఆ సంస్కారానికి లోలోపల ముచ్చటపడి, ఆయన చుట్టూ ఉండవలసిన ఎడం అలాగే ఉంచారు.

ఆయన వెనకాల నిలబడ్డవాడు హబ్తోమ్. ఆఫ్రికాలోని ఎరిట్రియా నుంచి వచ్చి ఇక్కడి చేపల కార్ఖానాలో పనిచేస్తున్నాడు. వాళ్ళ ఊళ్ళో మనిషి పడిపోతే ఊరంతా మీద పడుతుంది. ఆ మోటు అలవాటు పోక, లోపలున్న ఫార్మసిస్టు కోసం ముందుకు పరిగెత్తాడు.

"క్యూ కనిపించట్లేదా నాయనా?" అన్నారు ముందున్న థర్కెటిలమ్మ, ఎంతో మర్యాదగా.

"ఆయన పడిపోయాడమ్మా."

"చూశాం. ఆయన నా వెనకాల పడ్డారు. నువ్వు ఆయన వెనకాల."

హబ్తోమ్ వెనక్కొచ్చి, పెద్దాయన్ని చేతుల్లోకి ఎత్తుకుని ఆయన చోటులోనే నిలబడ్డాడు. ఇందులో తప్పు పట్టడానికి ఎవరికీ ఏమీ దొరకలేదు. థర్కెటిలమ్మకి మనసు కరిగింది.

"పోనీ, నా ముందుకి రా."

"అబ్బే, మీకెందుకండీ శ్రమ, నా చోటు ఇస్తాను," అన్నాడు ఆవిడ ముందున్నాయన.

"లేదు లేదు, నేనే ముందు అన్నాను."

త్యాగం ఎవరిదో తేలేలోగా పెద్దాయన పెదాలు నీలంగా మారాయి. "చచ్చిపోతాడు, ఎవరో ఒకరు జరగండి," అని అరిచాడు హబ్తోమ్. అతను గొంతు పెంచినందుకు అందరూ సిగ్గుతో నేలచూపులు చూశారు.

అరుపు విని ఫార్మసిస్టు బయటికొచ్చింది. పెద్దాయన్ని పడుకోబెట్టి కాళ్ళు ఎత్తిపట్టింది. కాసేపటికి ఆయన కళ్ళు తెరిచారు.

"నా చోటు ఉందా?"

"ఉంది తాతా," అన్నాడు హబ్తోమ్, ఆయన ముందు మోకాళ్ళ మీద కూర్చుని.

"మరి నువ్వు నా ముందెందుకున్నావు?"

హబ్తోమ్ క్షమాపణ చెప్పుకున్నాడు. వదిలొచ్చిన చోటు ఎప్పుడో పూడిపోయింది. వెళ్ళి అందరికంటే వెనక నిలబడ్డాడు.

ఇంతలో పక్కవీధి మంగలి రమీజ్ పరిగెత్తుకొచ్చాడు. చేతికి చుట్టుకున్న తువ్వాలు ఎర్రగా తడిసింది. "అన్నా, కొంచెం ముందుకి పోనీ. రక్తం ఆగట్లేదు."

హబ్తోమ్ ఆ చెయ్యి చూశాడు. ముందున్నవాళ్ళ వీపులు కూడా తననే చూస్తున్నట్టు అనిపించింది.

"సారీ రమీజ్. నా వెనక నిలబడు."

మందులు తీసుకుని వెళ్తున్న థర్కెటిలమ్మ ఆగి, అతని భుజం తట్టారు.

"మనవాడివైపోయావు నాయనా."

"థాంక్సండీ," అన్నాడు హబ్తోమ్, నిజంగానే పొంగిపోతూ.