ఎడమ చేతి గ్లౌజు

సకల జనుల సమ్మె మొదలై ఇరవై రోజులైంది. బస్సులు డిపో దాటడం లేదు. సిరిసిల్లలో ఆ ఉదయం సుజాత తునికాకు తడిపి, మధ్యాహ్నానికల్లా ఐదు వందల బీడీలు చుట్టాలనుకుంది. అంతలోనే జగిత్యాల నుంచి వచ్చిన ఆటోలో దుబాయి పార్సిల్ దిగింది.

భర్త దేవేందర్ అక్కడ గోల్ఫ్ మైదానంలో గడ్డి కోస్తాడు. మూడేళ్లుగా సెలవు దొరకలేదు. ఫోనులో తన సంగతి రెండు మాటలు, అక్కడ ఆడటానికొచ్చే గోల్ఫ్ చాంపియన్ సంగతి పది నిమిషాలు. ఆ చాంపియన్ చిన్నప్పుడు ఇతరుల కర్రల సంచి మోశాడట. ఇప్పుడు ఏ దేశం పోయినా కప్పు ఆయనదేనట. గెలిచినా ఓడినా గడ్డి కోసేవాళ్లను పలకరించకుండా పోడట. సుజాతకు ఆయన మీద సవతి మీదున్నంత కోపం.

పార్సిల్‌లో ఖర్జూరాలు, సబ్బులు, చాంపియన్ సంతకం చేసిచ్చిన తెల్ల తోలు గ్లౌజు ఉన్నాయి. గ్లౌజు ఒక్కటే, ఎడమ చేతిది. దేవేందర్ ముట్టిన వస్తువు కదా అని సుజాత అందులో వేళ్లు పెట్టి చాలాసేపు తీయలేదు.

"ఇంకోటేది?" అంది అత్త భూమవ్వ. "ఒక్క చేతికి ఎవలన్న తొడుగుకుంటరా? నడుమల ఎవలో దాసుకున్నరు."

దేవేందర్ ఫోను స్విచాఫ్ వచ్చింది. మూడేళ్లకు ఆయన పంపిన జతలో సగం పోవడం సుజాత సహించలేకపోయింది. దొరికిన ఆటో ఎక్కి, పార్సిల్ పంపిన మేనమామ చిన్నయ్యను వెతుక్కుంటూ జగిత్యాల పోయింది. ఆయన సమ్మె టెంటులో కూర్చుని ఉన్నాడు.

"నేను దారమన్న ఇప్పలే బిడ్డా. దుబాయి నుంచి సాయిలు తెచ్చిచ్చినట్టే పంపిన," అన్నాడు చిన్నయ్య. "పది మందిల అడిగినవు. ఇగ తేలాల్సిందే. నడువు కోరుట్లకు."

టెంటులోంచి ఇద్దరు సాక్షులు కూడా ఆటో ఎక్కారు.

కోరుట్లలో సాయిలు సూట్‌కేసు తెచ్చి వాకిట్లో బోర్లించాడు. గ్లౌజు లేదు. అతని భార్య నాగవ్వకు మాత్రం ఒక సెంటు సీసా దొరికింది.

"సెంటు తేలేదంటివి. గిదెవలికి?"

"మా అక్కకు," అన్నాడు సాయిలు. అసలు తగాదా అప్పుడు మొదలైంది.

సుజాత ఫోను మోగింది. అత్త నంబరు, గొంతు దేవేందర్‌ది.

"గోల్ఫోళ్లు ఒక్క చేతికే తొడుగుతరు. గంత దూరం ఎందుకు పోయినవ్?"

"నువ్వు అత్తమ్మ ఫోన్ల ఎట్ల మాట్లాడుతున్నవ్?"

"మనింట్లనే ఉన్న. గ్లౌజు నీ భార్యకు నచ్చిందా అని చాంపియన్ అడిగిండు. ఆమెను చూసి మూడేండ్లాయె, నాకేం తెలుసన్న. పక్కనే మేనేజర్ ఉండె. ఇంటికి పంపియ్యరాదా అని చాంపియనే ఆయనతోని అన్నడు. పది రోజులిచ్చిండ్రు. పొద్దుగాల ఇమానం దిగంగనే లారీ దొరికింది, అచ్చిన."

"చిక్కిపోయినవా?" అని అడిగింది సుజాత.

"అచ్చి చూడు."

వీధిలోకి పరుగెత్తేసరికి ఆటోవాడు టాపు మీద జెండా కట్టి, తాళంచెవి జేబులో వేసుకుంటున్నాడు. సాయంత్రం ఆరు నుంచి నలభై ఎనిమిది గంటల బందు. దొంగ అని అనుమానించి వచ్చిన నలుగురూ సాయిలు ఇంట్లోనే రెండు రోజులు అన్నం తిన్నారు. సాయిలు ప్రతి పూటా, "కడుపు నిండ తినుండ్రి" అన్నాడు.

పది రోజుల సెలవులో ఆ రెండు రోజులూ సుజాతా, దేవేందరూ ఫోనులోనే మాట్లాడుకున్నారు. తెలంగాణ కోసం తాను చేసిన త్యాగాన్ని దేవేందర్ తర్వాత ఎక్కడా చెప్పుకోలేదు.