రెండో విమానానికి వాహనపూజ

ఆ ఆదివారానికి రాజేందర్ వేసుకున్న ప్రణాళిక చాలా సాదాసీదాది. ఆరింటికి లేవడం, బ్యాటరీలు సర్దుకోవడం, ఖాజాగూడ దగ్గరి మైదానానికి చేరడం, కొత్త విమానాన్ని ఎగరేయడం, దింపడం, అందరూ చప్పట్లు కొడుతుంటే మొహమాటపడటం. ఈ చివరిదాన్ని అద్దం ముందు రెండుసార్లు సాధన కూడా చేశాడు.

రాజేందర్ కొండాపూర్‌లోని ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీలో ఇతరులు రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు పట్టే ఉద్యోగి. వాళ్ల ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాడు. అందుకని లోకంలో ప్రతిదీ అతనికి పరీక్ష రాసి పై తరగతికి వెళ్లే వ్యవహారంగానే కనిపించేది. నాలుగు నెలల కిందట రిమోట్ విమానాలు ఎగరేసే క్లబ్బులో చేరినప్పుడు ట్రైనర్ అనే నేర్చుకునే విమానం కొన్నాడు. రెక్కలు వీపు మీద ఉండే తేలికపాటి ఫోమ్ విమానం అది. కంగారులో రిమోట్ స్టిక్‌లు వదిలేసినా తనంతట తానే సర్దుకుని తిన్నగా ఎగిరేది. రాజేందర్ చేసే తప్పులన్నీ అది కాచుకునేది. తాను తప్పులే చేయడం లేదని రాజేందర్ అనుకునేవాడు.

"విసుగొచ్చేదాకా దీన్నే ఎగరెయ్యి నాయనా. తర్వాత మధ్యరకం. ఆ పైన రెక్కలు కిందుండే విమానం. అది చెప్పింది చెప్పినట్టు చేస్తుంది, తప్పు చెప్పినా సరే," అనేవారు క్లబ్బు పెద్ద పట్టాభిరామయ్య. ఆయన నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. రాజేందర్‌కు మూడో వారానికే విసుగొచ్చింది. చిన్నప్పుడు బడిలో డబుల్ ప్రమోషన్ అనేది ఒకటుండేదని గుర్తుచేసుకుని, మధ్యరకాన్ని దాటేసి, రెక్కలు కిందుండే ఎర్ర విమానం తెప్పించుకున్నాడు.

ఆ మైదానం క్లబ్బుది కాదు, ఒక కంపెనీది. పక్క అపార్ట్‌మెంట్ల నుంచి ఒక్క ఫిర్యాదు వచ్చినా ఖాళీ చేయాలన్నది షరతు. మూడేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగి సంపాదించిన అనుమతి కాబట్టి, పట్టాభిరామయ్య ఆ షరతును ప్రతి ఆదివారం బడిలో ప్రార్థనలా చదివి వినిపించేవారు.

శనివారమే రాజేందర్ విమానాన్ని రెండు వేళ్ల మీద నిలబెట్టి, ముందూ వెనకా బరువు సమంగా ఉందని చూసుకున్నాడు. ఆదివారం పొద్దున తల్లి ఎల్లమ్మ పళ్లెంతో వచ్చింది.

"కొత్త బండి పూజ లేకుండ ఎట్ల తీస్తవ్ బిడ్డా?"

"అది బండి కాదే అమ్మా, బొమ్మ."

"బొమ్మయితే దానికోసం పెండ్లిసూపులు ఎందుకు ఎగ్గొడుతున్నవ్ మరి?"

రాజేందర్ బ్యాటరీలు సర్దుకోవడంలో పడ్డాడు. ఎల్లమ్మ రెక్కలకు కుంకుమ బొట్లు పెట్టి, నిమ్మకాయ, ఏడు మిరపకాయలు, ఒక బొగ్గుముక్క గుచ్చిన దండ తీసింది.

"ముంగట ఫ్యాను తిరుగుతది, తెగిపోతది. ఎనుక కడ్త."

ఆ తర్కంలో రాజేందర్‌కు ఏ తప్పూ కనిపించలేదు. తప్పులు పట్టడమే అతని ఉద్యోగం. అయినా మైదానంలో విప్పేద్దామనే అనుకున్నాడు. "నేను సుత వస్త" అని ఎల్లమ్మ ఆటో ఎక్కేసింది.

పట్టాభిరామయ్య ఇంకా రాలేదు. ఆయన వచ్చేసరికి విమానం ఆకాశంలో ఉంటే ఆ దర్జానే వేరని రాజేందర్ తొందరపడ్డాడు. ఎల్లమ్మ చక్రాల ముందు రెండు నిమ్మకాయలు పెట్టింది. చక్రం కంటే నిమ్మకాయే పెద్దది. విమానం గీపెట్టింది గానీ కదల్లేదు. రాజేందర్ వేగం పూర్తిగా పెంచాడు. అది నిమ్మకాయల మీదుగా ఎగిరి దూకి, ఎవరూ అడగని దిక్కుకు లేచింది.

దండ కట్టిన తోక బరువుకు ముక్కు పైకి లేస్తుంది, కాసేపు గాలిలో నిలబడి ఆలోచిస్తుంది, ధబేలున కిందికి జారుతుంది, మళ్లీ లేస్తుంది. అప్పుడే పట్టాభిరామయ్య గేటు దాటి వచ్చారు.

"ఏయ్ రాజేందర్! దాని తోకకు అదేమిటయ్యా?"

"నిమ్మకాయ సార్!"

"ముందు దింపు!"

"అది ఒప్పుకుంటలేదు సార్!"

ట్రైనర్ నేర్పిన పాఠం గుర్తొచ్చి రాజేందర్ స్టిక్‌లు వదిలేశాడు. కొత్త విమానం ఆ పాఠం చదవలేదు. గోడ దాటి, పక్క అపార్ట్‌మెంట్ల బాల్కనీల ముందు మెలికలు తిరిగి, కనుమరుగైంది.

రాజేందర్ పరుగెత్తుకుంటూ అపార్ట్‌మెంట్ గేటుకు చేరాడు. కాపలా ఉన్న ఓదెలు ఫోన్ తీశాడు.

"ఏ ఫ్లాట్‌కు?"

"ఫ్లాట్ కాదన్నా, విమానం పడ్డది."

"డెలివరీయా?"

"అట్లనే అనుకో."

"మరి ఎవరికో చెప్పాలె గద. వాళ్లు ఓకే అనకుంటే పంపొద్దు."

ఇంతలో లోపల్నుంచి కేకలు. ఓదెలు లాఠీ పట్టుకుని పరుగు తీశాడు. వెనకే రాజేందర్.

పచ్చిక మీద అసోసియేషన్ మీటింగు జరుగుతోంది. మధ్యలో విమానం ముక్కు నేలలో దిగి, తోక పైకెత్తి ఉంది. దండ ఇంకా ఊగుతోంది.

"ఎవరూ ముట్టుకోకండి! ఎవరో మన మీద చేయించారండీ!" అంది సెక్రటరీ రత్నమాల.

"మన మీద కాదు, మా బ్లాక్ మీద. పార్కింగ్ గొడవలో సీ బ్లాక్ వాళ్లే చేయించుంటారు," అన్నారెవరో. సీ బ్లాక్ వాళ్లు కుర్చీల్లోంచి లేచారు.

రాజేందర్ నోరు తెరిచేలోపే ఎల్లమ్మ ఆయాసపడుతూ వచ్చింది.

"గది నేనే కట్టిన."

అందరూ రెండడుగులు వెనక్కి వేశారు.

"ఎవరి మీదమ్మా?" అంది రత్నమాల, గొంతు తగ్గించి.

"నా కొడుకు మీద!"

ఓదెలు లాఠీ జారవిడిచాడు.

"దిష్టి తగలొద్దని కట్టిన. గింత పరేషాన్ ఎందుకు? అగో, ఆ తెల్లకారు ముంగట యాలాడేది ఏంది మరి? అది గూడ చేతబడేనా?"

తెల్లకారు రత్నమాలది. భయం పోయింది. దాని స్థానంలో కోపం వచ్చి కూర్చుంది. "ఎవరి తల మీదైనా పడితే ఏమయ్యేదండీ? ఆ మైదానం వాళ్లకు ఇప్పుడే రాస్తున్నాను," అంటూ ఫోన్‌లో టైపు చేయసాగింది.

పట్టాభిరామయ్య టోపీ చేత్తో పట్టుకుని వచ్చారు. "తప్పు నాదండీ. క్లబ్బు పెద్దను నేను."

ఆయన తలవంచుకోవడం రాజేందర్ ఎప్పుడూ చూడలేదు. "కాదు మేడం. సార్ వద్దన్నరు. సార్ రాకముందే నేను ఎగరేసిన. నాకు అన్నీ వచ్చనుకున్న, ఏం రాదు. నన్ను క్లబ్బులకెళ్లి తీసేయుండ్రి. గ్రౌండ్ మాత్రం తీయకుండ్రి."

రత్నమాల వేలు ఆగలేదు. అప్పుడే నాలుగో అంతస్తు బాల్కనీ నుంచి ఒక ముసలాయన అరిచాడు. "రత్నమాల గారూ! పావురాలు లేవండీ!"

అందరూ తలలెత్తారు. వలలు కట్టినా, మెరిసే కాగితాలు వేలాడదీసినా, ప్లాస్టిక్ గుడ్లగూబను నిలబెట్టినా కదలని పావురాలు, ఏళ్ల తరబడి అద్దె లేకుండా ఉంటున్న పావురాలు, ఒక్కటి కూడా లేవు. ఏ కిటికీ చూసినా ఖాళీ.

రత్నమాల టైపు చేసినదంతా తుడిచేసింది. "చూడండీ, గోడకు మీ వైపునే ఉండి ప్రతి ఆదివారం ఎగరేయండి. మాకు ఫిర్యాదేమీ లేదు."

"దానికేం, నేనే ఎగరేస్తాను," అన్నారు పట్టాభిరామయ్య. టోపీ మళ్లీ తలకెక్కింది.

మరుసటి ఆదివారానికల్లా పావురాలు తిరిగొచ్చాయి. పట్టాభిరామయ్య దండ విప్పించి, విమానాన్ని బాగుచేసి, వేళ్ల మీద తూచి, గోడ వెంబడి స్కేలుతో గీసినట్టు ఎగరేశారు. పావురాలు పిట్టగోడల మీద వరసగా కూర్చుని, మెడలు ఇటునుంచి అటు తిప్పుతూ చూశాయి. రెండో చుట్టుకు వాటిలో కొన్ని కునుకు తీశాయి.

గోడ అవతలి నుంచి రత్నమాల కేకేసింది. "ఇది కాదండీ! ఆ అబ్బాయి ఎగరేసినట్టు కావాలి!"

రిమోట్ రాజేందర్ చేతికి వచ్చింది. రెండు నిమిషాల్లో ఆకాశమంతా రెక్కల చప్పుడు. పావురాలు చెరువు వైపు పారిపోయాయి. విమానం ఈసారి తుప్పల్లో పడింది.

పట్టాభిరామయ్య కళ్లద్దాలు తుడుచుకుని, జేబులోంచి చిన్న పుస్తకం తీశారు. "ఆ మూడో మెలిక ఎలా తిప్పావో కాస్త నెమ్మదిగా చెప్పు నాయనా. నలభై ఏళ్లుగా ఎగరేస్తున్నా నాకెప్పుడూ పడలేదది."

"నేను తిప్పలే సార్. అదే తిరిగింది."

ఆయన అది కూడా రాసుకున్నారు.

ఆ నెల క్లబ్బు జాబితాలో శిక్షకుల వరుసలో రాజేందర్ పేరు చేరింది. అర్హత అన్నచోట మాత్రం పెద్దాయన ఒక అడ్డగీత గీసి ఊరుకున్నారు.