బోర్లించిన నలభై గ్లాసులు

ఆ ఉదయం అమ్మమ్మ అనుకున్నది చాలా చిన్న పని: పొయ్యి రాజేయాలి, టీ కాయాలి, దేన్నీ ముట్టుకోకూడదు. సాలెపురుగులు పట్టే బృందంతో మనవరాలు గడ్డిమైదానానికి బయలుదేరితే, పిల్లను వదిలి ఉండలేక వంటమనిషిగా వెంట వచ్చింది. ప్రొఫెసర్ ఒక్కటే షరతు పెట్టాడు. వంటసామాను తప్ప ఇంకేది ముట్టుకున్నా సాయంత్రం జీపులో ఇంటికే.

గ్లాసులు వంటసామానే కదా! పుల్లలు ఏరడానికి వెళ్లిన అమ్మమ్మకు నేలలో అంచుదాకా పాతిన నలభై ప్లాస్టిక్ గ్లాసులు కనిపించాయి. వాటిలో సబ్బునీళ్లు, నీళ్లలో చచ్చిన చీమలు, ఒక్కోదాని పక్కనే ఎర్రగుడ్డ కట్టిన పుల్ల. చదువుకున్నవాళ్లకు ఇదేం శుభ్రమని నొచ్చుకుంటూ గ్లాసులన్నీ పెరికి తోమింది. గుడ్డలు ఉతికి తాడు మీద ఆరేసింది.

మనవరాలు చూసి నెత్తిన చేతులు పెట్టుకుంది.

"అమ్మమ్మా, సాలెపురుగులు పడాలని పెట్టినవే అవి. మూడు వారాల్నుంచి ఒకే ఒక్క రకం సాలెపురుగు కోసం చూస్తున్నారు సార్."

"మరి ముందే చెప్పొద్దూ? పద, ఆయనొచ్చేలోగా పెట్టేద్దాం."

నీళ్లకు వెళ్లిన ప్రొఫెసర్ అప్పుడే తిరిగొస్తున్నాడు. గుడారాల ముందు వరసగా ఊగుతున్న ఎర్రగుడ్డలు చూసి, ఏదో ప్రమాదమని జీపు దూరంగానే ఆపించి వైర్‌లెస్‌లో అడిగాడు. మనవరాలు నోటికొచ్చినట్టు పాము అనేసింది. ఎంత పామన్నాడు. అమ్మమ్మ సాయంగా రెండు చేతులూ బారెడు చాచింది. చాలదేమోనని నాలుగడుగులు పక్కకు కూడా నడిచింది. మనవరాలు ఆ కొలతే చెప్పింది. ప్రొఫెసర్ జీపు టాపెక్కి కూర్చున్నాడు.

ఈలోగా ఇద్దరూ పరుగు పరుగున నలభై గుంతల మీదా గ్లాసులు పెట్టేశారు. అరవై ఏళ్ల అలవాటు కొద్దీ అమ్మమ్మ అన్నింటినీ బోర్లించింది. మనవరాలు గమనించేసరికి మిట్టమధ్యాహ్నమైంది, ఎండకు తాళలేక ప్రొఫెసర్ కర్ర పుచ్చుకుని నడిచి వచ్చేశాడు.

ఆయన గ్లాసుల వంక చూశాడు. అమ్మమ్మ బట్టలమూట కట్టుకోవడానికి లేచింది. ఆయన వంగి ఒక గ్లాసు ఎత్తాడు. ఎండ తప్పించుకుని, చల్లటి గుంతలో కాళ్లు ముడుచుకుని కూర్చుంది, మూడు వారాలుగా దొరకని ఆ సాలెపురుగు.

"ఎవరు బోర్లించారివి?"

"నేనే బాబూ. తోమిన గ్లాసు వెల్లకిలా పెట్టడం నావల్ల కాదు."

ప్రొఫెసర్ చేతులెత్తి దణ్ణం పెట్టాడు. మిగిలిన రెండు నెలలూ గ్లాసులు బోర్లించే పని ఆవిడదేనన్నాడు. సాలెపురుగు ప్రాణంతో ల్యాబుకు చేరాలి గనక, డబ్బా ఒళ్లో పెట్టుకుని సాయంత్రం జీపులో మనవరాలు వెళ్లాలన్నాడు.

"నేనూ వెళ్తా బాబూ."

"మీరెలా వెళ్తారమ్మా? అంతా మీ చేతి చలవ."

జీపు వెళ్లిపోయింది. దుమ్ము అణగకముందే అమ్మమ్మ కళ్లు తుడుచుకుని ప్రొఫెసర్ బల్ల దగ్గరకు నడిచి, దాని మీదున్న వస్తువులన్నీ ఒక్కొక్కటిగా ముట్టుకోవడం మొదలుపెట్టింది.