మూడు పొరల మర్యాద

మొరాకో దేశపు మెక్నెస్ పాతబస్తీ వాసులకు తెలియజేయడమేమనగా, హాజీ ఇద్రీసు ఇంటి అతిథుల గదిలో కొత్త లేటెక్స్ పరుపులు వేయబడినవి. చూడగోరువారు శుక్రవారం కుస్కుస్ విందు వేళకు రాగలరు. వాటిపై పడుకోగోరువారు ఎవరూ లేరు, ఒక్క హాజీ తప్ప.

బక్రీదు పొట్టేలును మేడమీదికి మోస్తుండగా హాజీ నడుము పట్టేసింది. డాక్టర్ జక్రావీ శాస్త్రోక్తంగా సెలవిచ్చాడు:

"లేటెక్స్ పరుపు చేయించు హాజీ. అడుగున గట్టి పొర. పైన మెత్తటి పొర రెండు వేళ్ల మందం, అంతే! అది మందమైనకొద్దీ మనిషి దిగబడతాడు. అడుగు గట్టితనం నడుముకు అందనే అందదు."

హాజీ అచ్చం అలాగే చేయించాడు. పరుపు గుమ్మం దాటిందో లేదో, ఆయన భార్య లల్లా తామో (లల్లా అంటే అక్కడ అమ్మగారని) దాన్ని నిలువునా కోయించి, అతిథులు కూర్చునే ఆసనాలుగా వాళ్ల గదిలో గోడవారగా పరిపించింది.

"పడగ్గదిలో వేస్తే ఎవరు చూస్తారయ్యా?"

అయితే ఎదురింటి లల్లా బతూల్ ఇంట్లో ఆసనాలు మోకాలెత్తున ఉన్నట్లు విశ్వసనీయంగా తెలిసింది. తామో తన పరుపు మీద జానెడు మందాన రెండో మెత్తటి పొర వేయించింది.

"గట్టితనం పోతుందే!" అన్నాడు హాజీ.

"గట్టితనం ఎవరికి కనబడుతుంది? ఎత్తు కనబడుతుంది."

బతూల్ ఇంకో పొర ఎక్కించింది. తామో కూడా మూడో పొర వేయించి, గదికి తాళం వేసింది.

"ఒక్క గంట నడుం వాలుస్తానే," అని హాజీ బతిమాలాడు.

"గుంట పడుతుంది. చూసినవాళ్లు ఈ ఇంట్లో మనుషులు ఉంటున్నారనుకోరూ?"

హాజీ వంటింట్లో చాప పరుచుకున్నాడు. ఆయనకిక మిగిలిన ఆశ డాక్టరే. నలుగురి ఎదుటా ఆయన ఒక్క మాట చెబితే పై పొరలు ఊడతాయి, పరుపు పడగ్గది చేరుతుంది.

శుక్రవారం అతిథులు కూర్చున్నారు, వెంటనే కనుమరుగయ్యారు. కుస్కుస్ పళ్లెం వాళ్ల కనుబొమల ఎత్తున నిలిచింది. మోకాళ్లు చెవులకు తగులుతుండగా బతూల్, "ఎంత హాయిగా ఉందే తామో!" అని మూలిగింది.

డాక్టర్ కూర్చున్నాడు. ఆయన నడుములో ఏదో కటుక్కుమంది. హాజీ మనసు పొంగిపోయింది.

"డాక్టర్ గారూ, ఆ రెండు వేళ్ల సంగతి కాస్త చెప్పండి!"

డాక్టర్ ముఖం పాలిపోయింది. గొంతు మాత్రం పలికింది.

"సోదర సోదరీమణులారా! పొరల మందమే కుటుంబ ప్రతిష్ఠకు కొలమానం! ఈ మహా ఇల్లాలి చేతిలో మన పేటకు మంచి భవిష్యత్తు ఉంది. ఎవరైనా కాస్త చెయ్యందించండి."

ఇద్దరు లాగితే లేచాడు. లేచినవాడు హాజీ చెవిలో, "నువ్వెక్కడ పడుకుంటున్నావయ్యా?" అన్నాడు.

కాసేపటికి ఇద్దరూ వంటింటి చాప మీద పక్కపక్కన వెల్లకిలా ఉన్నారు.

"అక్కడ అలా చెప్పారేంటండీ?"

"మా ఆవిడ నాలుగు పొరలు వేయించింది హాజీ. ఏ ముఖంతో చెప్పమంటావ్?"

"మరి మీరెక్కడ పడుకుంటారు?"

"క్లినిక్‌లో. రోగుల బల్ల మీద. కొంచెం అటు జరుగు."

హాజీకి చాపలో సగం కూడా పోయింది.

మెక్నెస్ వాళ్లకిదేం పిచ్చి అని నవ్వుకుంటున్న పాఠక మహాశయులకు ఒక మనవి. మీ ముందుగదిలో సోఫాకు షాపువాడు తొడిగిన ప్లాస్టిక్ కవరు ఇంకా ఉంది కదా? దానికి ఆనుకుని నేలమీద కూర్చుని చదువుతున్నారు కాబోలు. కాస్త జాగ్రత్త, గీత పడగలదు.